టీచర్ దగ్గర్లో లేనప్పుడు పియానో నేర్చుకోవడానికి ఏం కొనాలి, ఏం వాడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీది నరసన్నపేట. పాపకు తొమ్మిదేళ్లు, పియానో నేర్చుకుంటానంటోంది. పాపతో పాటు మీరూ మొదలుపెడదామనుకుంటున్నారు. మీ నాన్నగారు పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు కాబట్టి ఇంట్లో స్వరాలు కొత్తేమీ కాదు. పియానో చెప్పే మాస్టారు ఊళ్లో దొరకలేదు. చేతిలో 15 వేలున్నాయి. ఏ కీబోర్డ్ కొనాలి, ఏ యాప్ వాడాలి, ఏ పుస్తకం తెప్పించుకోవాలి అని అడిగారు.

నేను విజయనగరంలో చాలా ఏళ్లుగా కీబోర్డ్, పియానో చెబుతున్నాను. సూటిగా చెప్పాలంటే, టచ్ రెస్పాన్స్ (మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకడం) ఉన్న 61 కీస్ కీబోర్డ్ ఒకటి, పాపకు ఒక మెథడ్ బుక్ (మొదటి నుంచి వరుసగా నేర్పే పాఠాల పుస్తకం), మీకు ఒకటి, మీ ఫోన్ కెమెరా, నెలకు రెండుసార్లు మీ చేతులు చూసి తప్పు చెప్పే మనిషి. వీటితో మొదటి రెండేళ్లు హాయిగా నడుస్తాయి. యాప్ ఉంటే మంచిదే, లేకపోయినా ఆగదు. డబ్బు తక్కువైతే యాప్ చందా మానేయండి గానీ, టచ్ రెస్పాన్స్ విషయంలో మాత్రం రాజీ పడొద్దు.

దానికి కారణం మీ ఇంట్లోనే ఉంది. హార్మోనియంలో శబ్దం పెరగడం, తగ్గడం తిత్తి చేతిలో ఉంటుంది. మెట్టును మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా తేడా రాదు, ఎడమ చెయ్యి ఊదినంతే పలుకుతుంది. పియానోలో తిత్తి లేదు. కీ ఎంత వేగంగా కిందికి దిగితే లోపలి సుత్తి తీగను అంత గట్టిగా కొడుతుంది. అంటే స్వరం చిన్నదో పెద్దదో వేలే నిర్ణయిస్తుంది. టచ్ రెస్పాన్స్ లేని చౌక కీబోర్డ్ మీద ఏడాది సాధన చేసిన పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. పాట తప్పు లేకుండా వాయిస్తారు, కానీ ప్రతి స్వరం ఒకే బరువుతో పడుతుంది. వాళ్ల వేళ్లకు మెల్లగా నొక్కడమంటే ఏమిటో తెలియదు. ఆ అలవాటు మార్చడానికి పట్టే కాలం, కొత్తవాళ్లకు మొదటి నుంచి నేర్పే కాలం కంటే ఎక్కువ.

షాపులో ఇలా పరీక్షించండి. రిథమ్ ఆపేయమనండి. వాల్యూమ్ సగానికి పెట్టి పియానో టోన్ ఎంచుకోండి. మధ్యలో ఉన్న సి కీని (రెండు నల్ల కీస్ గుంపుకు ఎడమ పక్కనున్న తెల్ల కీ) ఒకసారి చాలా నెమ్మదిగా, తర్వాత కొంచెం చురుగ్గా నొక్కండి. రెండింటికీ శబ్దంలో స్పష్టమైన తేడా వినిపించాలి. వినిపించకపోతే మెనూలో టచ్ ఆఫ్ అయి ఉందేమో చూడమనండి. అసలు ఆ సదుపాయమే లేదంటే అది పక్కన పెట్టేయండి. రెండో పరీక్షకు జేబులో టేపు పెట్టుకెళ్లండి. వరుసగా ఏడు తెల్ల కీస్ వెడల్పు కొలవండి. సుమారు 16.5 సెంటీమీటర్లు ఉండాలి. అంతకంటే బాగా తక్కువ వచ్చిందంటే అది మినీ కీస్ కీబోర్డ్. చిన్నపిల్లే కదా అని అది కొంటే, పెద్ద కీస్ మీదికి వెళ్లినప్పుడు వేళ్ల దూరాలన్నీ మళ్లీ నేర్చుకోవాలి.

మోడళ్ల పేర్లు అడిగారు కాబట్టి చెబుతున్నాను. కేసియో సీటీ-ఎస్300, యమహా పీఎస్ఆర్-ఈ373 తరహావి టచ్ రెస్పాన్స్‌తో వస్తాయి. వాటికి పెడల్ పెట్టుకునే సాకెట్, ఫోన్‌కు కలిపే యూఎస్‌బీ కూడా ఉంటాయి. ధరలు తరచూ మారతాయి కాబట్టి కొనే రోజు చూసుకోండి. మీ బడ్జెట్‌లో ఎక్కువ భాగం దీనికే పోతుంది, పోనివ్వండి. వందల టోన్లు, వందల రిథమ్‌లు అని అట్ట మీద రాసింది చూసి ఎంచుకోవద్దు. పియానో నేర్చుకునేవాళ్లకు ఒక్క పియానో టోన్ బాగుంటే చాలు.

88 కీస్ ఎప్పుడు? అసలు పియానోకు 88 కీస్, 52 తెల్లవి, 36 నల్లవి. యమహా పీ-145, కేసియో సీడీపీ-ఎస్110, రోలాండ్ ఎఫ్‌పీ-10 లాంటి డిజిటల్ పియానోల్లో కీస్ వెయిటెడ్‌గా ఉంటాయి, అంటే సుత్తి బరువు వేలికి తెలుస్తుంది. ధర మీరనుకున్నదానికి రెట్టింపు దాటుతుంది. డబ్బు ఇబ్బంది లేనివాళ్లకు మొదటి రోజు నుంచే అదే కొనమని చెబుతాను. మీ విషయంలో ఇప్పుడే అక్కర్లేదు. మొదటి పుస్తకాల్లోని పాఠాలు దాదాపు అన్నీ ఐదు ఆక్టేవ్‌లలో (స నుంచి పై స దాకా ఒక ఆక్టేవ్) సరిపోతాయి. పాప రెండేళ్లు ఆపకుండా వాయించి, కీబోర్డ్ అంచు దాకా చెయ్యి వెళ్తోందంటే అప్పుడు మార్చండి.

ఎక్కడైనా పాత చెక్క పియానో తక్కువకు వస్తోందంటే ఆశపడొద్దు. అందులో సుమారు 230 తీగలుంటాయి. మన తీరం గాలిలోని తేమకు చెక్క ఉబ్బుతుంది, పొడి గాలికి కుంచించుకుపోతుంది, శ్రుతి జారుతుంది. ఏడాదికి కనీసం రెండుసార్లు ట్యూన్ చేయించాలి. ట్యూనర్‌ను దూరం నుంచి పిలిపించుకోవాలి. శ్రుతి తప్పిన పియానో మీద నేర్చుకుంటే పాప చెవి దానికే అలవాటు పడిపోతుంది.

ఇక కీబోర్డ్ చుట్టూ కావాల్సినవి. అందరూ నిర్లక్ష్యం చేసేది ఎత్తు. డైనింగ్ టేబుల్ మామూలుగా 30 అంగుళాలు, దాని మీద కీబోర్డ్ పెడితే ఇంకో మూడు నాలుగు అంగుళాలు పైకి వెళ్తుంది. పాప భుజాలు ఎత్తి వాయిస్తుంది, పది నిమిషాలకే మెడ నొప్పి అంటుంది, మనం శ్రద్ధ లేదనుకుంటాం. ఎత్తు మార్చుకునే ఎక్స్ స్టాండ్ కొనండి. కూర్చున్నప్పుడు మోచెయ్యి, కీస్ పైభాగం ఒకే ఎత్తులో ఉండాలి. పాపకు కాళ్లు నేలకు అందకపోతే కింద పీట వేయండి. వేలాడే కాళ్లతో నడుము నిలవదు. నాన్నగారిలా కింద కూర్చుని వాయించడం హార్మోనియానికి చక్కగా కుదురుతుంది, రెండు చేతులూ కీస్ మీదే ఉండాల్సిన పియానోకు కుదరదు.

కాలితో నొక్కి స్వరాన్ని పొడిగించే సస్టెయిన్ పెడల్ మొదటి ఆరు నెలలు అవసరం లేదు. ముందే పెడితే వేళ్లు కలిపి పట్టాల్సిన చోట కాలు కప్పేస్తుంది. కరెంటు పోయే ఊళ్లు కాబట్టి ఒక మాట. ఈ తరహా కీబోర్డులు చాలావరకు ఆరు ఏఏ బ్యాటరీలతోనూ నడుస్తాయి, ఒక సెట్టు ఇంట్లో ఉంచుకోండి. అడాప్టర్ పాడైతే పిన్ను పట్టింది కదా అని ఏదో ఒకటి గుచ్చొద్దు. వోల్టేజీ ఒకటే అయినా ప్లస్, మైనస్ తారుమారైతే బోర్డు కాలిపోవచ్చు. వాయించాక నూలు గుడ్డ కప్పండి. కీస్ కింద రబ్బరు కాంటాక్టులుంటాయి, దుమ్ము, తేమ చేరితే కొన్ని స్వరాలు పలకడం మానేస్తాయి, లేదా ఉన్నట్టుండి గట్టిగా అరుస్తాయి. కీబోర్డ్ మీద టిఫిన్ ప్లేటు పెట్టకుండా చూసుకుంటే చీమలు, బొద్దింకల బాధ కూడా ఉండదు.

యాప్‌ల సంగతి. సింప్లీ పియానో, ఫ్లోకీ లాంటివి బాగానే చేశారు. ఏ స్వరం ఎప్పుడు వాయించాలో తెర మీద చూపిస్తాయి, మీరు వాయించింది విని సరైందో కాదో చెబుతాయి. పాపకు ఆటలా ఉంటుంది, రోజూ కూర్చుంటుంది. ఉచితంగా ఇచ్చే కొన్ని రోజుల్లో వాడి చూసి, నచ్చితేనే చందా కట్టండి. ఫోన్ మైకుతో వినిపిస్తే ఫ్యాన్ హోరు, పక్కగదిలో టీవీ దాన్ని తికమక పెడతాయి. ఓటీజీ కేబుల్‌తో కీబోర్డ్‌ను నేరుగా ఫోన్‌కు కలపండి, అప్పుడు పొరపాటు లేకుండా గుర్తుపడుతుంది.

కానీ యాప్‌కు తెలిసేది రెండే. స్వరం సరైందా, సమయానికి పడిందా. చెయ్యి ఎలా ఉందో దానికి కనబడదు. మొన్నొక అబ్బాయి యాప్‌లో చాలా దూరం వెళ్లి నా దగ్గరికి వచ్చాడు. తెర మీద అన్నీ ఆకుపచ్చ టిక్కులే. పక్క నుంచి చూస్తే మణికట్టు కీస్ కంటే కిందికి జారిపోయి ఉంది. చిటికెన వేలు నిటారుగా చాచుకుని, కొనతో కాకుండా పక్కవాటుగా తగులుతోంది. బొటనవేలు పనిలేనప్పుడు కీబోర్డ్ బయట వేలాడుతోంది, దాని వంతు రాగానే చెయ్యంతా ముందుకు తోసి నొక్కుతున్నాడు. నెమ్మది పాటలో ఇవేవీ వినబడవు. వేగం కాస్త పెంచగానే అక్కడే ఆగిపోయాడు. ఎందుకు ఆగిపోతున్నాడో ఆ యాప్ చెప్పలేకపోయింది, వాడికి తెలియలేదు.

అందుకే ఫోన్ కెమెరా గురించి అంత పట్టుబడుతున్నాను. వారానికోసారి, పాప వాయిస్తుండగా కీబోర్డ్ కుడి చివర కీస్ ఎత్తులో ఫోన్ నిలబెట్టి ఒక్క నిమిషం రికార్డ్ చేయండి. అలా పక్క నుంచి తీస్తే మణికట్టు, వేళ్ల వంపు కనబడతాయి. ఇంకోసారి పై నుంచి తీయండి, ఏ స్వరానికి ఏ వేలు పడుతోందో తెలుస్తుంది. తర్వాత ఇద్దరూ కూర్చుని చూడండి. వాయిస్తున్నప్పుడు తెలియని తప్పు చూస్తున్నప్పుడు ఎవరూ చెప్పకుండానే పాపకే తెలుస్తుంది.

ఉచితంగా దొరికేవాటిలో పిల్లలకు నేను ఎక్కువగా చెప్పేది హాఫ్‌మన్ అకాడమీ వీడియో పాఠాలు. ఇంగ్లీషులో ఉంటాయి, మీరు పక్కన కూర్చుని తెలుగులో చెబితే పాప అందుకుంటుంది. థియరీకి మ్యూజిక్‌థియరీ.నెట్ లోని పాఠాలు ఉచితం, చిన్న చిన్నవి, మీకు బాగా పనికొస్తాయి. లయ తప్పకుండా టిక్ టిక్ మని కొట్టే మెట్రోనోమ్ విడిగా కొనొద్దు, కీబోర్డ్‌లోనే ఉంటుంది. నిమిషానికి 60 దెబ్బలతో మొదలుపెట్టండి.

రంగు కడ్డీలు పై నుంచి కీస్ మీదికి రాలుతున్నట్టుండే వీడియోలు యూట్యూబ్‌లో ఏ పాటకైనా దొరుకుతాయి. సరదాకి ఒకటి రెండు పాటలు నేర్చుకుంటే తప్పు లేదు. అవే పాఠమనుకుంటే మాత్రం అక్షరాలు రాకుండా పద్యాలు బట్టీ పట్టడమే అవుతుంది. ఆ పాట వస్తుంది, కొత్త పాట ఎదురుగా పెడితే ఒక్క గీతా చదవలేరు.

చదవడం రావాలంటే పుస్తకం ఉండాలి. పాపకు ఫేబర్ వాళ్ల పియానో అడ్వెంచర్స్ ప్రైమర్ లెవెల్ తీసుకోండి. బొమ్మలతో, పెద్ద అక్షరాలతో, ఒక్కో పేజీకి ఒక్క కొత్త విషయమే ఉంటుంది. మీకు ఆల్ఫ్రెడ్ వాళ్ల అడల్ట్ ఆల్-ఇన్-వన్ మొదటి భాగం. పెద్దవాళ్లకు పిల్లల పుస్తకం విసుగు పుట్టిస్తుంది, పిల్లలకు పెద్దవాళ్ల పుస్తకం భయం పుట్టిస్తుంది. ఆన్‌లైన్‌లో రెండూ దొరుకుతాయి. ఒక్కో పాఠం రెండు చేతులతో, ఆగకుండా, లెక్క తప్పకుండా వచ్చాకే పేజీ తిప్పండి.

కాపీరైట్ దాటిన పాత సంగీతమంతా ఐఎంఎస్ఎల్‌పీ అనే సైటులో ఉచితంగా ఉంది. దించుకుని జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకోవచ్చు. 1873 నాటి హానన్ వేళ్ల అభ్యాసాలు కూడా అక్కడున్నాయి. చాలామంది మాస్టార్లు మొదటి నెల నుంచే వాటిని రుద్దిస్తారు. నాకది ఇష్టం లేదు. చెయ్యి తీరు కుదరకముందు అదే కదలికను వందసార్లు చేయిస్తే తప్పు తీరే గట్టిపడుతుంది. ఏడాది తర్వాత మొదటి నాలుగైదు చాలు, అదీ నెమ్మదిగా. మ్యూజ్‌స్కోర్ అని కంప్యూటర్‌లో నొటేషన్ రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మీకు వచ్చిన కీర్తన ఒకటి దానిలో రాయడానికి ప్రయత్నించండి. రాసింది అదే వాయించి వినిపిస్తుంది, కాబట్టి తాళం లెక్క ఎక్కడ తప్పిందో వెంటనే దొరికిపోతుంది. నొటేషన్ చదవడం ఇంత త్వరగా వచ్చే దారి పెద్దవాళ్లకు మరొకటి నేను చూడలేదు.

మీ ఇంట్లో స్వరజ్ఞానం ఉందన్నారు, దాన్ని తప్పకుండా వాడుకోండి. సి ని స అనుకుంటే తెల్ల కీస్ వరుసగా శంకరాభరణం. సరళీ వరసలు మాయామాళవగౌళలో వచ్చి ఉంటాయి కాబట్టి రి, ద దగ్గర మాత్రం నల్ల కీస్ పట్టండి, అంటే సి షార్ప్, జి షార్ప్ (సి, జి లకు కుడి పక్కనున్న నల్లవి). కుడి చేతికి వేళ్ల వరస బొటనవేలు, చూపుడు, మధ్య వేలు, తర్వాత బొటనవేలు కింద నుంచి దూరి మ మీదికి వస్తుంది, అక్కడి నుంచి ఐదు వేళ్లూ పై స దాకా. ఈ వేలు మార్పిడే పియానోలో మొదటి మెట్టు. పాపకు మొదటి రోజే సంబరం కావాలంటే మోహనం వాయించనివ్వండి. మూడు నల్ల కీస్ గుంపులో ఎడమ వైపుది స. ఆ మూడూ స, రి, గ. పక్కనున్న రెండు నల్లవి ప, ద. తెల్ల కీ ఒక్కటీ ముట్టకుండా రాగం మొత్తం వచ్చేస్తుంది.

హార్మోనియం ఇంటి నుంచి వచ్చేవాళ్లకు ఎడమ చెయ్యి బలహీనంగా ఉంటుంది, ఎందుకంటే అది తరతరాలుగా తిత్తి దగ్గరే ఉంది. దానికి నేను చేయించే సాధన ఇది. ఎడమ చిటికెన వేలు కింది సి మీద, బొటనవేలు జి మీద పెట్టి శ్రుతిలాగా పట్టి ఉంచి, కుడి చేత్తో సరళీ వరస. నాలుగు దెబ్బలకోసారి ఎడమ చెయ్యి మళ్లీ నొక్కాలి. అలవాటయ్యాక రెండు దెబ్బలకోసారి. ఆ తర్వాత స, ప విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి. ఇలా మొదలుపెట్టిన పిల్లలు పుస్తకంలో రెండు చేతుల పాఠం రాగానే బెదరరు. గమకాల సంగతి మాత్రం ముందే తెలుసుకోండి. పియానోలో స్వరం ఒకచోట స్థిరంగా ఉంటుంది, జారదు, ఊగదు. కీర్తనను వీణ మీద విన్నట్టు ఇక్కడ వినాలనుకుంటే నిరాశ పడతారు. రాగంలోని స్వరాలు, తాళం, కార్డ్‌ల (ఒకేసారి కలిపి పలికించే స్వరాల) అందం వరకు తీసుకోండి.

కీబోర్డ్ శ్రుతిని మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ మొదటి ఏడాది ముట్టుకోవద్దు. మన చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో మంచి చెవి ఉన్న పిల్లలు ఎందరో ఉన్నారు. గాయకుడి శ్రుతికి బటన్ నొక్కేసి, అన్ని పాటలూ సి లోనే వాయిస్తారు. అసలు పియానో ముందు కూర్చోబెడితే ఆ బటన్ ఉండదు, వేళ్లు కదలవు. సి తర్వాత జి, ఎఫ్ స్కేళ్లు నేర్పండి. ఒక్కోదానిలో ఒక్క నల్ల కీ మాత్రమే వస్తుంది. జి లో ఎఫ్ షార్ప్, ఎఫ్ లో బి ఫ్లాట్.

మనిషి దగ్గరికొస్తాను. వారం వారం కుదరకపోయినా నెలకు రెండు ఆన్‌లైన్ క్లాసులు పెట్టుకోండి. గంట అక్కర్లేదు, అరగంట చాలు. మీరు తీసిన రికార్డింగ్ ముందు రోజే పంపిస్తే ఆ అరగంటా తప్పులు దిద్దడానికే వాడుకోవచ్చు. టీచర్‌ను ఎంచుకునేటప్పుడు ఒకటే చూడండి. మొదటి క్లాసులో కెమెరా చేతుల మీదికి తిప్పమని అడిగారా లేదా. అడగనివాళ్లు పాటలు చెబుతారు, వాయిద్యం చెప్పలేరు.

పియానో మాస్టారు లేరని మీ చుట్టూ ఉన్నవాళ్లను వదులుకోవద్దు. పాపను దగ్గర్లో ఎవరైనా గాత్రం టీచర్ దగ్గర చేర్చండి. పాడగలిగిన స్వరాన్ని వేలు త్వరగా వెతుక్కుంటుంది. విజయనగరంలో 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల పుణ్యమా అని మన వైపు గాత్రం, వయోలిన్, వీణ తెలిసినవాళ్లకు కొదవ లేదు. అక్కడే ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయోలిన్ చెప్పారు. అదీ ఐరోపా నుంచి వచ్చిన వాయిద్యమే, మన చేతుల్లో మనదైంది. చర్చిలో కీబోర్డ్ వాయించేవాళ్లు తెలిసుంటే ఒక ఆదివారం పాపను పక్కన కూర్చోబెట్టమని అడగండి. పదిమంది పాడుతుంటే ఆగకుండా వెంట వెళ్లడం ఏ పుస్తకమూ నేర్పదు.

పరీక్షల గురించి ఇప్పుడే టెన్షన్ పడొద్దు. సంగీత పరీక్షలు పెట్టే ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం సంస్థలు రెండింటిలోనూ ఇనీషియల్ నుంచి 8వ గ్రేడ్ దాకా ఉన్నాయి, వీడియో రికార్డ్ చేసి పంపే పద్ధతి కూడా ఉంది, కాబట్టి నరసన్నపేట నుంచే రాయొచ్చు. పియానో గ్రేడ్‌కు అసలు పియానో గానీ, వెయిటెడ్ కీస్ ఉన్న డిజిటల్ పియానో గానీ ఉండాలి. 61 కీస్‌తోనే వెళ్లాలంటే ట్రినిటీలో ఎలక్ట్రానిక్ కీబోర్డ్ పరీక్ష విడిగా ఉంది. పాప కోరుకుంటే రెండో ఏడు చూడండి.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా అని చివర్లో అడిగారు. తీసుకోవచ్చు, ఈ బడ్జెట్‌లో మంచి ఆలోచనే. వెళ్లినప్పుడు కింది చివరి కీ నుంచి పై చివర దాకా ప్రతి కీనీ ఒకే బలంతో నొక్కుతూ రండి, నల్లవి కూడా. ఎక్కడైనా ఒకటి మూగగా ఉన్నా, పక్కవాటి కంటే గట్టిగా పలికినా కాంటాక్టులు పోతున్నట్టే, ధర తగ్గించమనండి లేదా వదిలేయండి. అడాప్టర్ కంపెనీదేనా, పిన్ను కదిలిస్తే కరెంటు ఆగుతోందా చూడండి. తుఫానుకు నీళ్లు తగిలినదైతే బ్యాటరీ మూత తీసి చూస్తే స్ప్రింగుల మీద తుప్పు కనబడుతుంది. అలాంటిది ఎంత తక్కువకిచ్చినా తేవొద్దు. కొన్నాక పాప మొదటి పాఠం వాయిస్తున్న నిమిషం వీడియో ఇక్కడే పెట్టండి, పక్క నుంచి తీసింది. మణికట్టు, కూర్చునే ఎత్తు చూసి చెబుతాను.